వేప మనదేనా?

2000వ సంవత్సరము మే 10వ తేదీన జర్మనీ దేశమందలి మ్యూనిక్ నగరమున యూరోపియను పేటెంటు కార్యాలయమువా రొక తీర్పు నిచ్చిరి. వేపనూనెతో మొక్కల నాశ్రయించు శిలీంధ్రములను అరికట్టు విధానము తాము కనిపెట్టిన క్రొత్తవిద్య యని అమెరికా వ్యవసాయశాఖయు, డబ్ల్యు. ఆర్. గ్రేస్ అను అమెరికా వర్తకసంస్థయు సంపాదించుకొనిన పేటెంటును ఆ తీర్పు రద్దుచేసినది. నాడు మన దేశమున పత్రికలు విజయభేరి మ్రోగించినవి. వేప మనదే యని వేదికలపై ఉపన్యాసములు జరిగినవి. సభలు ముగిసినవి, శ్రోతలు ఇండ్లకు పోయిరి. అటుపిమ్మట వేపచెట్టు గతి యేమైనది, వేపవిద్య గతి యేమైనది యని విచారించినవా రెందఱు? ఈ ప్రశ్నను మేము నేడు పాఠకుల యెదుట నుంచుచున్నాము.

మనది యనుట యొక హక్కు. ప్రతి హక్కునకును వెనుక నొక పూచీ యుండును. పొలము నాదని కోర్టులో గెలిచి, దానిని దున్నక బీడుపెట్టినవానిని ఊరివారు ఆసామి యందురేమో కాని రైతని పిలువరు. వేప విషయమున మనము ఆసాములమై యున్నాము, రైతులము కాలేదు.

ఆ వ్యాజ్య మెట్లు గెలువబడినదో మొదట తెలిసికొనవలెను. దరఖాస్తు 1990లో పడినది. 1994లో పేటెంటు లభించినది. 1995లో మన దేశమునుండి వందనా శివయు, యూరోపియను పార్లమెంటున గ్రీన్ పక్షమునకు చెందిన మాగ్దా ఆల్వోయెట్ అను స్త్రీయు, సేంద్రియ వ్యవసాయోద్యమముల అంతర్జాతీయ సమాఖ్యయు కలిసి దానిపై ఆక్షేపణ దాఖలు చేసిరి. 2000లో పేటెంటు రద్దయినది. ఓడినవారు అప్పీలు చేసికొనగా 2005 మార్చి 8న అదియు కొట్టివేయబడినది. అనగా ఆక్షేపించిన నాటినుండి కడపటి తీర్పువఱకు పదేండ్లు కావచ్చినవి. ఈ పదేండ్లలో మన పక్షమును నిలిపిన దేది? మన నాగరకత ప్రాచీనమను మాటకు ముగ్ధులై ఆ అధికారులు తీర్పు నీయలేదు. ఎవరు చేసిరి, ఎప్పుడు చేసిరి, ఎట్లు చేసిరి యని వారడిగిరి. భారతదేశమునుండి ఒక కర్మాగారపు యజమాని వచ్చి, ఆ దరఖాస్తునకు కొన్నియేండ్ల ముందే తాను వేపగింజలనుండి తీసిన సారమును పొలములందు ప్రయోగించి చూచితినని సాక్ష్యమిచ్చెను. ఆ సాక్ష్యము నిలిచినది గనుకనే మనము గెలిచితిమి.

పసుపు కథయు నిట్టిదే. గాయములను మాన్పుటకు పసుపును వాడు విధానముపై 1995లో అమెరికాలో నొక పేటెంటు ఈయబడగా, మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనామండలివారు పాత గ్రంథములను పత్రములను ముందుంచి 1997లో దానిని రద్దు చేయించిరి. ఈ పాఠము గ్రహించియే 2001లో సంప్రదాయజ్ఞానమును గ్రంథములనుండి తీసి విదేశీయ పరీక్షకులకు తెలియు భాషలలో భద్రపఱచు కార్యమునకు ప్రభుత్వము పూనుకొన్నది. రెండు వ్యాజ్యములందును గెలిచినది నిదర్శనము. ఈ సంగతి నెంతమాత్రమును మఱవరాదు. ఏలయన మా వాదమంతయు దీనిపై నాధారపడి యున్నది.

మన పూర్వులు వేపనుగూర్చి యెఱిగిన దెంత? వారు దానిని నింబమనిరి, పిచుమర్దమనిరి, అరిష్టమనిరి. చరకుడు దురదను పోగొట్టు పది ద్రవ్యములను చెప్పుచు వానిలో నింబమును చేర్చెను. సుశ్రుతుడు గాయమునకు ధూపము వేయుటకు గుగ్గులు, వస, తెల్లయావాలు మొదలగువానితోపాటు వేపాకును విధించెను. వేప, చేదుపొట్ల, తిప్పతీగ, అడ్డసరము, వాకుడు అను నైదు చేదులతో కాచిన పంచతిక్తఘృతమును వైద్యులు చర్మరోగములయందు నేటికిని వాడుచున్నారు. చెట్టుయొక్క యైదంగములతోను కూర్చు పంచనింబచూర్ణము సైతము కలదు. ఇవి గ్రంథములలోని మాటలు. గ్రంథము చదువని మన యిండ్లలోని విద్య మఱియొకటి కలదు. తెల్లవాఱగనే వేపపుల్లతో పండ్లు తోముకొనుట, ఉగాదినాడు వేపపువ్వు తినుట, గజ్జికి వేపాకును పసుపును నూఱి పూయుట, అమ్మవారు పోసిన బిడ్డ ప్రక్కలో వేపమండలు పఱచుట, పశువుల పుండ్లకు వేపనూనె రాయుట, గాదెలోని గింజలనడుమ ఎండిన వేపాకు వేయుట, వేపచెక్కను చేనికి ఎరువుగా తోలుట – ఇవి యేవైద్యుడును చీటి వ్రాసి యిచ్చినవి కావు. పారసీకులు దీనిని హిందూదేశపు ఆజాద్ దరఖ్త్ అనిరి. అనగా స్వేచ్ఛావృక్షమని యర్థము. నేడు శాస్త్రజ్ఞులు వాడు అజాడిరక్టా ఇండికా యను పేరు దానినుండి పుట్టినదే.

ఇంత విద్యను వారసత్వముగా పొందియు మనము దానిని రెండువిధముల పాడుచేయుచున్నాము. ఒకటి తిరస్కారము, రెండవది డంబము. ఒకదాని కొకటి శత్రువులవలె కనబడునుగాని యీ రెండును ఒక తల్లిబిడ్డలే. ఆ తల్లి పేరు సోమరితనము.

తిరస్కారము చదువుకొన్నవారిలో పుట్టినది. విదేశీయుల ప్రభుత్వము సైతము వేపను పూర్తిగా వెలివేయలేదు. 1868లో ప్రభుత్వపుటాజ్ఞతో వెలువడిన ఇండియా ఫార్మకోపియా యను ఔషధగ్రంథమున వేపపట్టకును వేపాకునకును చోటు దొరకినది. అయినను మన విద్యావంతులలో పెక్కండ్రు దొర మెచ్చినదానిని సైతము అవ్వ చెప్పినదను కారణమున మెచ్చరైరి. తాత నోటిలో వేపపుల్ల మొఱకుతనమైనది. మనుమని స్నానపుగదిలో వేపపేరు అచ్చువేసిన గొట్టము నాగరకత యైనది. వస్తువు మాఱలేదు, వెల మాఱినది, అమ్మువాడు మాఱినాడు.

ఈ తిరస్కారమువలన కలిగిన నష్టమును చూడుడు. 1942లో సలీముజ్జమాన్ సిద్దీఖీ యను రసాయనశాస్త్రజ్ఞుడు వేపనూనెనుండి నింబిన్, నింబినిన్, నింబిడిన్ అను చేదుపదార్థములను వేఱుచేసి వేప రసాయనశాస్త్రమునకు పునాది వేసెను. 1959లో సూడాన్ దేశమున మిడుతలదండు పచ్చని దంతయు మేసి వేపను మాత్రము విడిచిపెట్టుటను ష్ముట్టరర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కనిపెట్టెను. 1962లో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనాసంస్థయందు ఎస్. ప్రధాన్ మొదలగువారు వేపపప్పు పొడిని నీట కలిపి చల్లినచో మిడుతలు పైరును ముట్టవని నిరూపించిరి. 1968లో ఇంగ్లాండున అజాడిరక్టిన్ అను ముఖ్యపదార్థము వేఱుచేయబడినది. 2007లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున స్టీవెన్ లే యను నాచార్యుని బృందము ఇరువదిరెండేండ్ల శ్రమకు ఫలముగా ఆ పదార్థమును ప్రయోగశాలలో మొదటినుండి నిర్మింపగలిగినది. పరదేశీయులు మన పెరటిచెట్టులోని ఒక్క పదార్థమును ఇరువదిరెండేండ్లు విడువక వెంబడించిరి. అట్టి యోరిమి మనవారికి లేకపోలేదు. సిద్దీఖీయు ప్రధానును దానికి సాక్షులు. కాని వారి పేర్లు మన తెలుగు పాఠశాలలలో ఎన్నింట వినబడుచున్నవి? వారు వేసిన బాటలో మనము ఎంతదూరము నడిచితిమి? అమెరికా పేటెంటును చూచి మండిపడుటకు ముందే యీ ప్రశ్నలు మనకు తోచియుండవలసినది.

డంబము తిరస్కారముకంటె ప్రమాదకరమైనది. ఏలయన అది దేశభక్తి వేషమున వచ్చును. వేప సర్వరోగనివారిణి యని ప్రకటనలు, మధుమేహము మానునని ప్రకటనలు, క్రిములు, జ్వరములు, పుండ్లు, కడకు క్యాన్సరు సైతము తొలగునని ప్రకటనలు! 1954లోనే మన పార్లమెంటు అద్భుతచికిత్సల ప్రకటనలను నిషేధించు శాసనము చేసినది. అందు పేర్కొనబడిన రోగములలో మధుమేహమును క్యాన్సరును కలవు. శాసనము పుస్తకములో నున్నది. ప్రకటన వీధిలో నున్నది. డాక్టరిచ్చిన మందు మాని వేపరసము త్రాగి, నెత్తురున చక్కెర పెరిగి కాలిపుండ్లతో ఆసుపత్రికి చేరు నిరుపేదకు స్వదేశీయ మను మాట యే యోదార్పు నీయగలదు?

ఇంకను దారుణమైన సంగతి కలదు. పసిబిడ్డలకు వేపనూనె పట్టించు వాడుక కొన్నిచోట్ల కలదు. మలేషియాలో నిట్లు నూనె త్రాగిన పసివాండ్రు వాంతులతో మొదలై, మగతతోను మూర్ఛలతోను పడిపోయిరనియు, కాలేయమును మెదడును చెడినవనియు అచ్చటి వైద్యులు 1981లో లాన్సెట్ అను వైద్యపత్రికలో ప్రకటించిరి. ఆకు పూతవేసిన మంచిదగునేమో. నూనె పసికడుపులో పడిన విషమగును. ఆయుర్వేదము తెలిసిన వైద్యుడు మోతాదు, వయస్సు, బలము, కాలము చూడక మందీయడు. చెట్టు మనది గనుక హాని చేయదనుట ఆయుర్వేదము కాదు. ఏ వేదమును కాదు.

మశూచి విషయమును తలచుకొనుడు. తరతరములుగా మన తల్లులు అమ్మవారు పోసిన బిడ్డను వేపమండలపై పరుండబెట్టిరి. ఆ చల్లని యాకు బిడ్డ దురదను కొంత యుపశమింపజేసియుండును. గుమ్మమున వ్రేలాడిన మండ పరులు లోనికి రాకుండ ఆపియుండును. ఆ తల్లుల వివేకమునకు మేము తల వంచుచున్నాము. అయినను మశూచిని మన దేశమునుండి వెడలగొట్టినది టీకా. 1975లో కడపటి రోగి కనబడెను. 1977లో దేశము మశూచినుండి విముక్తమైనదని ప్రకటింపబడెను. వేపకు దాని గౌరవము, టీకాకు దాని గౌరవము. ఒకదాని గౌరవమును మఱియొకదానికి కట్టబెట్టుట వలన రెండింటికిని అగౌరవమే.

ఇట్లనగానే కొందఱు మిత్రులు మమ్ము నిందింతురు. మన విద్యను పాశ్చాత్యుల త్రాసులో తూచుట దాస్యముకాదా యని వారందురు. వారికి మేము హకీం అజ్మల్ ఖాన్‌ను జ్ఞప్తిచేయుచున్నాము. ఆయన 1921లో కాంగ్రెసు నధ్యక్షించిన దేశభక్తుడు. యూనానీ వైద్యమున దేశప్రసిద్ధుడు. ఆయన ఢిల్లీలో తిబ్బియా కళాశాలను స్థాపించి, దానిలో దేశీయౌషధముల రసాయనపరిశోధనకు సిద్దీఖీని పిలిపించెను. సర్పగంధినుండి తాను వేఱుచేసిన పదార్థమునకు సిద్దీఖీ తన పోషకుని పేరిట అజ్మలీన్ అని పేరిడెను. ఆ కళాశాలను 1921 ఫిబ్రవరిలో తెఱచినవాడు గాంధిమహాత్ముడు. పాశ్చాత్యవైద్యమును తీవ్రముగా విమర్శించిన యా మహాత్ముడే నాడు ఆధునిక శాస్త్రజ్ఞుల పరిశోధనాదీక్షకు తన నమస్కారము లర్పించెను. 1925లో కలకత్తాయందొక ఆయుర్వేదవిద్యాలయమునకు శంకుస్థాపన చేయుచు దేశీయవైద్యులలోని పరిశోధనాలోపమును నిర్మొగమాటముగా ఖండించెను. అజ్మల్ ఖానును గాంధియు దాసులైనచో స్వతంత్రులెవరో మాకు తెలియదు. త్రాసు పాశ్చాత్యులది కాదు, పౌరస్త్యులది కాదు, త్రాసు త్రాసే. మ్యూనిక్‌లో మనకు న్యాయము తూచి యిచ్చినదియు నదియే. అచ్చట నిదర్శనము కావలెనని, ఇచ్చట అక్కఱలేదనుట ఏపాటి న్యాయము?

పరీక్షించినచో వేపకు కలుగు నష్టమేమి? 2004లో ప్రకటింపబడిన యొక భారతీయపరిశోధనలో వేపాకుసారముతో చేసిన లేపనము ఆఱువారములలో పండ్లపాచిని తగ్గించినట్లు తేలినది. పరీక్షకు వచ్చినవారు కొలదిమందియే. అయినను దారి యిదియే. తాత పుల్లతో తోముకొనుట వట్టి మూర్ఖత కాదని ఆ దంతవైద్యులు నిరూపించుటకు యత్నించిరి. ఇట్టి యత్నములు నూఱు జరుగవలెను. నిలిచినది నిలుచును, నిలువనిదానిని వదలుకొనుటకు వెనుదీయరాదు.

ఇక వర్తకుల సంగతి. పరదేశపు దొంగను వీధివాకిట తఱిమి, పెరటివాకిలి తెఱచి యుంచితిమా యను సందేహము మాకు కలుగుచున్నది. 2002లో జీవవైవిధ్యశాసనము వచ్చినది. మొక్కలను, వానినిగూర్చిన జ్ఞానమును వాడి లాభమందువారు ఆ జ్ఞానమును కాపాడిన ప్రజలకు ఫలభాగ మీయవలెనని దాని యాశయము. ఈ బాధ్యత విదేశీయులకే కాని స్వదేశీ సంస్థలకు లేదని యొక సంస్థ వాదింపగా, 2018లో ఉత్తరాఖండ హైకోర్టు ఆ వాదమును త్రోసివేసి, స్వదేశీయులును భాగ మీయవలసినదే యని తీర్పు చెప్పినది. ఆ తీర్పు వెలువడిన యైదేండ్లకు, 2023లో పార్లమెంటు శాసనమును సవరించినది. గ్రంథస్థమైన సంప్రదాయజ్ఞానమునకును, సాగుచేసిన ఔషధమొక్కలకును, ఆయుష్ వైద్యులకును మినహాయింపు కలిగినది. పల్లెలోని వైద్యునకు మినహాయింపునిచ్చుట న్యాయమే. మేము దానిని స్వాగతించుచున్నాము. కాని వేప చరకసుశ్రుతుల గ్రంథములలో నున్నది గదా! గ్రంథమున నున్నదను పేరిట పెద్దవర్తకుడు తప్పించుకొనినచో తొలకరినాళ్లలో చెట్టుక్రింద వంగి గింజ లేరు స్త్రీకి మిగులునదేమి? ఆ గింజ నూనెయై, సబ్బయి, సీసాలో మందై ఎన్నిరెట్లు వెల పెంచుకొనుచున్నదో అంగడికి పోయిన ప్రతివాడును ఎఱుగును. గింజ యేరినయామె కూలి అంతరెట్లు పెరిగినదా? వర్తకుడు మనవాడైనంతమాత్రమున అన్యాయము మనదై తీయబడదు.

చెట్టు గతిని చూడుడు. 2018లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము వేపను రాష్ట్రవృక్షముగా ప్రకటించినది. 2021లో తెలంగాణమునను పొరుగుప్రాంతములందును వేపచెట్లు కొమ్మలకొనలనుండి ఎండుకొనివచ్చినవి. పచ్చగా నుండవలసిన దినములలో బాటల కిరువైపుల గోధుమరంగు చెట్లు నిలిచి చూపఱులను కలతపెట్టినవి. ఫోమాప్సిస్ అను శిలీంధ్రము, దానికి తోడు టీదోమ యను పురుగు కారణమని శాస్త్రజ్ఞులు చెప్పిరి. చాలచెట్లు మఱల చిగిర్చినవి; చిగుర్చనివియు కలవు. శిలీంధ్రములను అరికట్టు శక్తి తన నూనెలో కలదని మ్యూనిక్‌లో వ్యాజ్యమాడించిన చెట్టే శిలీంధ్రమునకు లోబడినది! ఆనాడు వేప మనదని గర్జించిన గొంతుకలలో ఎన్ని యీ తెగులును విచారింపుడని ప్రభుత్వము నడిగినవి? దారులు వెడల్పుచేయునపుడు నూఱేండ్ల వేపలు కూలుచుండగా ఎన్ని యడ్డుపడినవి?

నాటి ఖమ్మము జిల్లాలోని పునుకుల గ్రామపు రైతులు మనకొక దారి చూపిరి. పురుగుమందుల యప్పులలో మునిగిన ప్రత్తిరైతులు ఈ శతాబ్దారంభమున ఆ విషములను విడిచి, వేపగింజల కషాయము మొదలగు ఉపాయములతో పైరును కాపాడుకొనిరి. అయితే వారు కన్నులు మూసికొని తాతలను నమ్మలేదు. పురుగు గ్రుడ్డుపెట్టు కాలమేది, కషాయము పాలెంత, చల్లవలసిన వేళ యేది యని సేవాసంస్థల కార్యకర్తలతో కలిసి నేర్చుకొనిరి. పొలమున చూచి నమ్మిరి. వేప మనదని చెప్పుకొను హక్కు వారికి కలదు.

కావున పాఠకులను, ముఖ్యముగా పఠనమందిరముల సభ్యులను, మేము కోరునది యిది. 2002 నాటి శాసనము ప్రకారము ప్రతి పంచాయతీయందును, ప్రతి పురపాలకసంఘమునందును జీవవైవిధ్యసంఘ ముండవలెను. అది యొక ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును ప్రజలతో కలిసి వ్రాయవలెను. జాతీయ హరిత న్యాయాధికరణము 2020 జనవరి 31వ తేదీని గడువుగా పెట్టువఱకు పెక్కుచోట్ల ఆ రిజిస్టరు మొదలే కాలేదు. మీ యూరి రిజిస్టరు ఎక్కడ నున్నదో అడుగుడు. దానిని తెఱచి చూడుడు. వేపనుగూర్చి మీ యూరి మంత్రసాని, పసులకాపరి, పాతవైద్యుడు చెప్పిన దందు కలదా? లేనిచో కూర్చుండి వ్రాయుడు: ఏ యంగము, ఏ రోగమునకు, ఎంత మోతాదు, ఎట్లు తయారుచేయుట, హాని కలిగిన సందర్భములేవి. హానిని వ్రాయుట మఱవకుడు. ఆ కాలమ్ లేని జాబితా ప్రకటనపత్రమే కాని విద్య కాదు. విశ్వవిద్యాలయములవారు ఆ జాబితాలలో పరీక్షకు తగినవానిని ఏరి పరీక్షింపవలెను; ఫలితములను, అపజయములను సైతము, తెలుగులో ప్రకటింపవలెను. ప్రభుత్వము 1954 నాటి శాసనమును వీధిలోనికి తేవలెను. గింజ లేరువారికి సరియైన ధర నిలుపవలెను. అంగడిలో వేప పేరిట సీసా అమ్మువానిని, ఈ మాటకు నిదర్శనమేది యని కొనువారడుగవలెను.

ఇవి పెద్దపనులు కావు. ఉపన్యాసములంత సులభములును కావు. మ్యూనిక్ న్యాయపీఠము నుండి వచ్చిన ప్రశ్నలు – ఎవరు చేసిరి, ఎప్పుడు చేసిరి, ఎట్లు చేసిరి – మన యూరి వేపచెట్టు నీడలో మనలను మన మడుగుకొను దినము రావలెను. అంతవఱకు వేప మనదని మనము గోడపై వ్రాసికొనవచ్చును. గుండెపై చేయివేసి చెప్పజాలము.